పంజాగుట్టలో 'ట్ట' విరిగితే ఎవరికి చెప్పాలి?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనిపిస్తే దాన్ని ఎలా రిపోర్ట్ చేయాలి? ఈరోజు ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, మొన్న అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర టీ తాగుతుంటే ఒక తమ్ముడు కలిశాడు. "అన్నా, మూడు నెలల నుంచి టెస్టింగ్ కోర్సు చేస్తున్నా. సెలీనియం వచ్చు. ఇంటర్వ్యూకి పోతే ఎక్స్‌పీరియన్స్ అడుగుతున్నరు. ఫేక్ పెట్టుకో అంటున్నరు హాస్టల్‌ల. ఏం జెయ్యాలె?" అన్నాడు. "నిజమైన బగ్ ఒక్కటైనా రిపోర్ట్ చేశావా?" అని అడిగాను. "కోర్సుల డెమో సైట్ మీద చేసిన అన్నా" అన్నాడు.

చూడండి, ఆ తమ్ముడు నేర్చుకుంటున్న సెలీనియమే ఓపెన్ సోర్స్. 2004లో మొదలైంది. దాని కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా చెప్పొచ్చు, డిగ్రీ అడగరు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ కూడా అంతే.

సరే, ఎలా చెప్పాలి? ముందు ఒక నిజం కథ. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతా ఐఫోన్లను క్రాష్ చేసింది, గుర్తుందా? 'జ్ఞా'. ఆ మెసేజ్ వస్తే యాప్ మూసుకుపోయేది. తమాషా ఏంటంటే, మామూలుగా 'జ్ఞా' అని టైప్ చేస్తే ఏమీ కాదు. మధ్యలో కంటికి కనిపించని ఒక క్యారెక్టర్, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంటేనే క్రాష్. దేవనాగరి, బెంగాలీలో కూడా అలాంటి కాంబినేషన్లు ఉన్నాయని ప్రోగ్రామర్లు తర్వాత కనిపెట్టారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాకే ఆగింది. అది ఓపెన్ సోర్స్ కాదు, కానీ పాఠం మాత్రం అన్నిటికీ ఒకటే: "తెలుగు అక్షరానికి క్రాష్ అవుతోంది" అంటే సరిపోదు. ఏ అక్షరం, ఏ వెర్షన్, ఏం చేస్తే అనేది చెబితేనే అవతలివాళ్ళు పట్టుకోగలరు.

ఇప్పుడు మన ఏరియాకి వద్దాం. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్, పంజాగుట్ట. మీ ఫోన్‌లో ఒక ఓపెన్ సోర్స్ మ్యాప్ యాప్ ఉందనుకోండి. అందులో 'పంజాగుట్ట' బదులు 'పంజాగుట్‌ట' అని విరిగి కనిపించింది. మనం ఏం చేస్తాం? "చెత్త యాప్" అని ఒక్క స్టార్ ఇచ్చి తీసేస్తాం. దాంతో ఎవరికీ ఏమీ తెలియదు.

దాని బదులు ఇలా చేయండి. ముందు ఆ ప్రాజెక్ట్ ఇష్యూస్ పేజీలో వెతకండి. ఎవరైనా ముందే చెప్పి ఉంటే మీ వివరాలు అక్కడే కలపండి. లేకపోతే కొత్తది తెరిచి ఇవి రాయండి: యాప్ వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్. తర్వాత స్టెప్స్: ఒకటి, యాప్ తెరిచాను. రెండు, భాష తెలుగు పెట్టాను. మూడు, పంజాగుట్ట అని వెతికాను. ఏం కనిపించాలి, ఏం కనిపించింది. స్క్రీన్‌షాట్‌తో పాటు ఆ పదాన్ని కాపీ చేసి పేస్ట్ చేయండి. స్క్రీన్‌షాట్‌లో మీ నంబర్, చాట్‌లు లేకుండా చూసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. అవతలి డెవలపర్‌కి తెలుగు రాకపోవచ్చు. 'పంజాగుట్‌ట' చూసి బాగానే ఉందనుకుంటాడు. కాబట్టి "రెండో ట మొదటి ట కింద వత్తుగా రావాలి" అని చెప్పాలి. చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాలు చాలు, గ్రామర్ గురించి భయపడొద్దు.

తప్పు యాప్‌లోనే ఉండాలని లేదు, ఫాంట్‌లో ఉండొచ్చు, అక్షరాలు పేర్చే హార్ఫ్‌బజ్‌లో ఉండొచ్చు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ ఆ హార్ఫ్‌బజ్‌నే వాడతాయి. అక్కడ ఒక్కసారి సరిచేస్తే ఎంతమంది ఫోన్లలో బాగుపడుతుందో ఆలోచించండి!

రెండు జాగ్రత్తలు. పాస్‌వర్డ్లు, డబ్బులు లీకయ్యే బగ్ అయితే అందరికీ కనిపించేలా పెట్టొద్దు. ప్రాజెక్ట్ వాళ్ళు సెక్యూరిటీ కోసం ఇచ్చిన అడ్రస్‌కే రాయండి. అలాగే, చాలామంది జీతం లేకుండా పనిచేస్తారు. తిట్టొద్దు, వాళ్ళు ప్రశ్న అడిగితే జవాబివ్వండి.

ఆ తమ్ముడికి చివరగా ఇదే చెప్పాను. "దీంతో జాబ్ గ్యారంటీ అని నేను చెప్పను. కానీ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెడితే ప్రతి ఫోన్ కాల్‌కీ భయపడాలి. నీ పేరు మీద ఐదు మంచి రిపోర్టులుంటే లింక్ చూపించి, నేను చేసిన పని ఇదీ అని ధైర్యంగా చెప్పొచ్చు."

మీరు కూడా ఈ వారం ఒక్క బగ్ పట్టండి. కామెంట్‌లో చెప్పండి.