మూడు షరతులు



ఒక పల్లెటూరి బడిపంతులమ్మ జ్ఞాపకార్థం ఆమె పిల్లలు ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేశారు. తనను పొగిడితే ఆమెకు గిట్టేది కాదట. అందుకని పేరెత్తి పొగడొద్దని వాళ్లు నాతో ముందే చెప్పారు. నాకూ అదే మేలనిపించింది. పోయినవాళ్లను పొగిడే పని మన జ్ఞాపకార్థ కూడికల్లో ఎలాగూ లోటు లేకుండా జరుగుతోంది.

నాకిచ్చిన అంశం 'నిత్యజీవితంలో క్రైస్తవ విశ్వాసం'. ఇంత పెద్ద గొడుగు కింద నిలబడి ఏం మాట్లాడినా ఎవరికీ ఏమీ తగలదు. ప్రేమగా ఉండాలి, క్షమించాలి అంటాం, అందరూ తలలూపుతారు, టీ తాగి వెళ్లిపోతాం. అందుకే నేను ఒక్క ప్రాంతాన్నీ, ఒక్క పన్నెండేళ్ల కాలాన్నీ పట్టుకుంటాను. ప్రాంతం ఒంగోలు. కాలం 1866 నుంచి 1878 దాకా.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. మిషనరీ కాకముందు ఆయన భూములు కొలిచే సర్వేయరు. ఆ సంగతి ఎందుకు చెబుతున్నానో కాస్త తర్వాత తెలుస్తుంది. అదే ఏడాది తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు. ఆయన వెనక బంధువులు, బంధువుల వెనక వాళ్ల పల్లెలు కదిలాయి. అలా వచ్చినవాళ్ల ముందు క్లౌ పెట్టిన షరతులు మూడే. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

త్రిత్వ సిద్ధాంతం ఒప్పజెప్పమనలేదు. మతం అనగానే మనకు గుర్తొచ్చేది మూడో షరతు ఒక్కటే. మొదటి రెండూ పనికీ తిండికీ చెందినవి. అంటే ఊరికి చెందినవి.

ఆనాటి ఊళ్లో మాదిగ కుటుంబం ఫలానా రైతుల ఇళ్లకు కట్టుబడి ఉండేది. రైతు కాలికి చెప్పులు, ఎద్దుల మెడకు తోలు పట్టెడలు, బావిలోంచి నీళ్లు తోడే మోటకు తోలు బాన, అన్నీ వీళ్లే కుట్టాలి. అందుకు బదులుగా కళ్లంలో ఇన్ని గింజలు కొలిచేవారు. గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లాలి. జాతర వస్తే డప్పు కొట్టాలి. ఈ కట్టుబాటులో సెలవు అన్న మాటే లేదు. ఆదివారం పొద్దున మోట బాన చిరిగితే, మడి ఎండకముందే, ఆ పూటే కుట్టాలి. 'ఇవాళ ప్రభువు దినమయ్యా, రేపు కుట్టిస్తాను' అని ఆ ఇంటి మనిషి అంటే ఊరికి అందులో భక్తి వినిపించలేదు, ధిక్కారం వినిపించింది. నిజానికి రెండూ ఉన్నాయి.

ఊరు ఊరుకోలేదు. కుమ్మరిని వాళ్లకు కుండలు అమ్మవద్దన్నారు. ఊరి బీడులోకి వచ్చిన వాళ్ల పశువులను తోలేశారు. చెప్పుల పని ఇవ్వడం మానేశారు. కోతలకు పిలవలేదు, కాబట్టి కళ్లంలో గింజలూ లేవు. ఒక ఆదివారపు విశ్రాంతికి ఏడాది తిండి ధర కట్టింది ఆ ఊరు. వారానికి ఒక రోజు నాదని చెప్పడం ఈ దేశంలో ఎంత పెద్ద మాటో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. మనకు ఆదివారం ప్రభుత్వమే ఇచ్చేసింది.

రెండో షరతు మీద మాత్రం నాకు క్లౌతో పేచీ ఉంది. ఆకలిగొన్నవాడి పళ్లెంలోంచి ఒక ముద్ద తీసేసే ముందు, దాని చోట పెట్టేదేమిటో చెప్పాలి కదా. పైగా ఆ తిండిని నీచంగా చూడడం ఊళ్లోని పెద్దకులాలవాళ్లు నేర్పిన చూపే. అయితే గొడ్డు ఈడ్చే చాకిరీని వదిలించుకోవడానికి ఆ షరతు చాలామందికి ఒక సాకు ఇచ్చింది. కాబట్టి ఈ పేచీలో నేను పూర్తిగా గెలవలేను.

1876లో వానలు పోయాయి. మన తాతలు ధాత కరువని చెప్పుకున్నది అదే. జనం ఎముకల గూళ్లై రోడ్ల మీదికి వచ్చారు. అప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల మేర పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వేయరు చదువు అక్కరకొచ్చింది ఇక్కడే. ఆయన బోధకులు మట్టిపని మీద మేస్త్రీలయ్యారు. ఎన్నడూ పలుగు పట్టనివాళ్లు కూడా వచ్చి తవ్వారు, కూలి తీసుకున్నారు. మధ్యాహ్నం, సాయంత్రం గట్టు మీద కూర్చుని ఆ మేస్త్రీల నోటే సువార్త విన్నారు. గంజి పోసి పాట పాడించడం ఆయనకు చాలా తేలిక. ఆయన కొలతా కూలీ అనే దారి పట్టాడు.

వేలమంది బాప్తిస్మం అడిగారు. 15 నెలలపాటు క్లౌ ఎవరికీ ఇవ్వలేదు. తిండి ఇచ్చే చేత్తో బాప్తిస్మం ఇస్తే ఏది దేనికోసమో ఎవరికీ తెలియదని ఆయన భయం. ఇక డబ్బు సాయం లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు.

మన జూబిలీ సంచికల్లో 2,222 అంకెను ఎర్రసిరాతో అచ్చేస్తాం. ఆ 15 నెలల గురించి ఎవరూ రాయరు. నన్నడిగితే ఒంగోలు చరిత్రలో నాకు ఎక్కువ నచ్చేది ఆ 15 నెలలే. సంఖ్య చూపించి విరాళాలు తెచ్చుకోవాల్సిన మనిషి సంఖ్యను ఆపాడు.

ఇక మన సంగతి. మన అమ్మమ్మలకు పొయ్యి పక్కన ఒక డబ్బా ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేవాళ్లు. ఆదివారం దాన్ని గుడికి పట్టుకెళితే దొడ్డు బియ్యం, సన్న బియ్యం, నూకలు అన్నీ ఒకే గంపలో కలిసేవి. ఆరాధన అయ్యాక వరండాలో వేలంపాట. పిడికెడు తీసే ఇంట్లో ఆ పూట అందరూ ఒక్కో ముద్ద తక్కువ తినేవాళ్లు. ఇవాళ ఆ డబ్బా స్థానంలో గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంది. దాని మీద నాకు కోపం లేదు. కానీ ఫోను నొక్కితే పోయే డబ్బుకు ఇంట్లో ఎవరి కంచమూ తేలికపడదు.

ఆదివారం షరతు మాటకొస్తాను. పట్నంలో మన ఇళ్లలో ఎనిమిదిన్నర ఆరాధనకు బయల్దేరే హడావిడిలో అంట్లు తోమేది ఎవరు? పనిమనిషి. చాలా ఇళ్లలో ఆమె కూడా విశ్వాసే, ఆమెకూ ఒక గుడి ఉంది. మన అంట్లు, పక్కింటి అంట్లు అయ్యేసరికి అక్కడ ప్రసంగం కూడా అయిపోతుంది. తాము పని మానడానికి ఒంగోలు మాదిగలు తిండి పోగొట్టుకున్నారు. వాళ్ల మునిమనవళ్లమైన మనం ఇంకొకరి ఆదివారాన్ని నెలకింతని కొనుక్కుంటున్నాం. నెలకు నాలుగు ఆదివారాలు జీతం కోత లేకుండా సెలవివ్వడం ఏ మధ్యతరగతి ఇంటికీ మోయలేని భారం కాదు. అంట్లు మనమే తోముకుంటే సరి.

ఇంకో మాట, కాస్త ఇబ్బందైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులకు నేటికీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మతం మారిన దళితులకు బీసీ-సి కింద మిగిలేది ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఎన్నో ఇళ్లలో గుడి రిజిస్టరులో ఒక మతం, సర్టిఫికెట్టులో ఒక మతం. వాళ్లను వేదిక మీంచి వేషధారులని తిట్టే బోధకులను విన్నాను. ఆ సర్టిఫికెట్టు ఏనాడూ అవసరపడని కుటుంబాలవాళ్లే ఎక్కువగా తిడతారు. పెళ్లి సంబంధాల ప్రకటనలో 'క్రైస్తవ' పక్కన తమ కులం పేరు వేయించుకునేటప్పుడు వాళ్లకు వేషం గుర్తుకురాదు. బిడ్డ కాలేజీ సీటు ముందు కూర్చున్న తండ్రి దగ్గరికి వెళ్లి మాట్లాడే హక్కు, ఆ ఫీజులో ఎంతో కొంత కట్టే సంఘానికే ఉంటుంది.

ఇక కూలి సంగతి. దాని గురించి బైబిల్లోని యాకోబు పత్రిక ఐదో అధ్యాయం చాలా కఠినంగా మాట్లాడుతుంది. పొలం కోసినవాళ్ల కూలి ఎగ్గొట్టిన యజమానుల మీద ఆయన మండిపడతాడు. ఆ అధ్యాయం మీద మన గుళ్లలో ప్రసంగం అరుదు. ఎందుకంటే వినేవాళ్లలో యజమానులున్నారు, గుడి కూడా ఒక యజమానే. గుడి ఊడ్చే మనిషి, రాత్రి కాపలా మనిషి, మిషను బడిలో పదేళ్లుగా తాత్కాలికమనే పేరుతో పాఠం చెబుతున్న టీచరు, వీళ్ల జీతమెంత? పీఎఫ్ కడుతున్నామా? కొత్త సౌండు సిస్టం పక్కన ఆ అంకె ఎలా కనిపిస్తుంది? ఇదేమీ రహస్యం కాదు. సంవత్సరాంత సంఘ సమావేశంలో కోశాధికారి జమాఖర్చులు చదువుతారు. మనం సాధారణంగా 'ఆమెన్' అనేసి భోజనాలకు లేస్తాం. ఈసారి జీతాల పద్దు దగ్గర ఆపి, ఇంకోసారి చదవమని అడగండి.