చెప్పకుండా వెళ్ళండి

(ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం మధ్యాహ్నం పిల్లల క్లాసులు, ఇంటి పనులు పక్కనపెట్టి ఇంతమంది వచ్చినందుకు సంతోషం. మామూలుగా మనం ఇక్కడ ఎన్‌కౌంటర్ల గురించి, భూముల గురించి, ఎన్నికల గురించి మాట్లాడుకుంటాం. పోలీసు స్టేషన్లో మనిషిని కట్టేసి కొడితే అది చిత్రహింస అని మనలో ఎవరికీ సందేహం లేదు. అదే మనిషిని వైద్యం పేరుతో మంచానికి కట్టేస్తే ఏమనాలి? ఇన్నేళ్ళ మన సమావేశాల్లో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. నేనూ అడగలేదు. ఎందుకు అడగలేదో ముందు చెప్పి, తర్వాత చట్టాల దగ్గరికి వస్తాను.

మా చిన్నాన్న కొడుకు ఒకడున్నాడు. పేరు అక్కర్లేదు, తమ్ముడు అంటాను. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో జబ్బు బయటపడింది. స్కిజోఫ్రీనియా అన్నారు. చిన్నాన్న ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొచ్చారు. ఆయన పోయాక పిన్ని ఒక్కతే అయింది. మందులు మింగనని మొండికేస్తే ముప్ఫై ఏళ్ళవాణ్ణి ఆవిడేం చేయగలదు? అందరూ నా వైపు చూశారు. అమెరికాలో ఉన్నవాణ్ణి కదా, డబ్బుంటుంది. 2011లో ఇంటర్నెట్‌లో వెతికి, ఊరి చివర ఒక ప్రైవేటు హోమ్ చూసి, వాడిని అక్కడ చేర్పించాను. నెలనెలా డబ్బు పంపడం నా వంతు.

అయిదేళ్ళు పంపాను. ఆదివారం ఫోన్ చేస్తే మేనేజరు స్పీకర్ ఆన్ చేసి పక్కనే కూచునేవాడు. వాడు "బాగున్నాను అన్నయ్యా, భోజనం బాగుంది" అనేవాడు. ప్రతి వారం అవే రెండు ముక్కలు. రెండుసార్లు ఇండియా వెళ్ళినప్పుడు చూసొచ్చాను. వస్తున్నానని ముందే చెప్పే వెళ్ళాను. తల దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసి తీసుకొచ్చారు. మే నెల ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఎందుకని నాకు తట్టలేదు.

2016లో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు, ముహూర్తం పనుల వల్ల అనుకున్నదానికంటే ఒకరోజు ముందే ఆ హోమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ఫోన్ చేయడం కుదరలేదు. గేటు దగ్గర కుర్రాడు కొత్తవాడేమో, నన్ను ఆపలేదు. లోపల పొడుగాటి హాలు, వరసగా మంచాలు. తమ్ముడి రెండు చేతులూ తువ్వాళ్ళతో మంచం కోళ్ళకు కట్టి ఉన్నాయి. గుండు గీసి ఉంది. మణికట్ల మీద నల్లగా పాత మచ్చలు, వాటి మీద కొత్తవి. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి నాతో అన్న మొదటి మాట: "ముందే ఫోన్ చేసి వస్తే బాగుండేది కదా సార్."

ఆ మాట గురించే ఈ ప్రసంగమంతా. అతను క్రూరుడని నేననుకోను. నలభైమందికి రాత్రిపూట ఇద్దరు మనుషులున్న చోట తువ్వాలు మూడో పనివాడు. కాని, బయటివాడు ఎప్పుడొస్తాడో ముందే తెలిస్తే ఏం చేయాలో అతనికి బాగా తెలుసు. ఆ సంగతి అయిదేళ్ళుగా నాకే తెలియలేదు. ఆ హోమ్‌కి లైసెన్సు ఉందా అని కూడా నేను అడగలేదు. అప్పటికి అమల్లో ఉన్న 1987 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. చికిత్సలో ఉన్న రోగిని అవమానించకూడదు, క్రూరంగా చూడకూడదు అని కూడా అందులో ఉంది. కారు కొనేటప్పుడు వంద ప్రశ్నలు అడిగే మనం...

సరే, నా కథ వదిలేద్దాం. ఇదే పద్ధతి పెద్దయెత్తున ఎక్కడికి దారితీస్తుందో చూడాలంటే ఏర్వాడి గుర్తు చేసుకోవాలి. తమిళనాడు రామనాథపురం జిల్లాలో ఒక దర్గా ఉన్న ఊరు. దర్గాకు వస్తే పిచ్చి కుదురుతుందని దూరదూరాల నుంచి కుటుంబాలు వచ్చేవి. కొందరు మనిషిని అక్కడి హోమ్‌లలో వదిలి వెళ్ళిపోయేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అలాంటి ఒక హోమ్‌లో తాటాకుల పాక అంటుకుంది. లోపల నలభైమందికి పైగా ఉన్నారు, దాదాపు అందరికీ గొలుసులున్నాయి. 25 మంది అక్కడే కాలిపోయారు, తర్వాత ఆ సంఖ్య 28కి చేరింది. వాళ్ళను చంపింది నిప్పే అయినా కదలనీయనిది గొలుసు. పత్రికల వార్తలు చూసి సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుంది. 2007లో ఆ హోమ్ యజమానికి, మరికొందరికి ఏడేళ్ళ శిక్ష పడింది. యజమాని దుర్మార్గుడే కావచ్చు. కాని అలాంటి హోమ్‌లు అక్కడ ఇంకా ఉండేవి, ప్రభుత్వం వాటన్నిటినీ మూయించాక వందల మందిని సంరక్షణలోకి తీసుకోవలసి వచ్చింది. అంతమందిని అక్కడ వదిలింది కుటుంబాలే. గొలుసులు రహస్యమేమీ కాదు, రోడ్డున పోయేవాళ్ళకు కూడా కనిపించేవి.

ఏర్వాడి మతం వల్ల జరిగింది, ఆసుపత్రుల్లో అలా ఉండదు అని అనుకుంటే పొరపాటు. జాతీయ మానవ హక్కుల కమిషన్ బెంగుళూరు నిమ్హాన్స్ సాయంతో దేశంలోని 37 మానసిక ఆసుపత్రులను పరిశీలించి 1999లో నివేదిక ఇచ్చింది. చాలావాటికి జైళ్ళ నిర్మాణమే ఉందని అందులో తేలింది. 2023 జనవరిలో అదే కమిషన్ గ్వాలియర్, ఆగ్రా, రాంచీ ఆసుపత్రులను చూసి వచ్చి, ప్రభుత్వ రంగంలోని 46 సంస్థలూ అమానుషమైన, దయనీయమైన స్థితిలో ఉన్నాయని అంది. నయమైన వాళ్ళను కూడా ఇంటికి పంపకుండా ఉంచుతున్నారని, అది చట్టవిరుద్ధమని చెప్పింది. రెండు నివేదికల మధ్య ఇరవై నాలుగేళ్ళు.

ఇక మన భాషలో 'ఎర్రగడ్డకు పంపిస్తా', 'వైజాగ్ పిచ్చాసుపత్రి' అనే మాటలు ఎంత హాస్యంగా వాడతామో మీకు తెలుసు. సినిమాల్లో ఆ సీను వస్తే హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. ఐక్యరాజ్యసమితి 1984 నాటి చిత్రహింస వ్యతిరేక ఒప్పందంలో నిర్వచనం ఇలా ఉంటుంది: తీవ్రమైన బాధ, కావాలని కలిగించడం, దానికో ఉద్దేశం, ప్రభుత్వ అధికారి ప్రమేయం లేదా మౌనాంగీకారం. ఆసుపత్రి దగ్గర ఈ నిర్వచనం తడబడుతుంది, ఎందుకంటే అక్కడ కట్టేసేవాడు 'నీ మంచికే' అంటాడు. చిత్రహింసపై ఐరాస ప్రత్యేక ప్రతినిధిగా పనిచేసిన హువాన్ మెండెజ్ 2013లో మానవ హక్కుల మండలికి ఇచ్చిన నివేదికలో సరిగ్గా ఈ ముడినే పట్టుకున్నాడు. వైద్య అవసరం అనే ఒక్క మాట చాటున ఎంతో హింస లెక్కలోకి రాకుండా పోతోందని ఆయన వాదన.

నాకు దానికంటే ముఖ్యంగా అనిపించేది 2002లో ఆమోదించిన ఐచ్ఛిక ప్రోటోకాల్. 2006లో అమల్లోకి వచ్చింది. ఇది నేరం జరిగాక శిక్ష గురించి మాట్లాడదు. మనిషి తన ఇష్టప్రకారం బయటికి రాలేని ఏ చోటికైనా, జైలైనా ఆసుపత్రైనా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, స్వతంత్రులైన మనుషులు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడాలంటుంది. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరితో మాట్లాడాలో వాళ్ళిష్టం. రోగితో ఒంటరిగా, సిబ్బంది వినకుండా మాట్లాడే హక్కు ఉంటుంది. 'ముందే ఫోన్ చేసి వస్తే బాగుండేది కదా సార్' అన్నదానికి అంతర్జాతీయ చట్టం చెప్పిన జవాబు ఇదే. యూరప్‌లో చిత్రహింస నివారణ కమిటీ 1990 నుంచే ఇలా మానసిక ఆసుపత్రులకు వెళుతోంది.

భారతదేశం అసలు ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి, ఇంతవరకు ధృవీకరించలేదు. 2010లో చిత్రహింస నివారణ బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో ఆగిపోయింది. ఐచ్ఛిక ప్రోటోకాల్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. మనం ఉంటున్న ఈ దేశం కూడా ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు, కాబట్టి ఇక్కడి నుంచి వేలు చూపించడం అంత తేలిక కాదు. హార్ట్‌ఫర్డ్ కూరంట్ అనే కనెక్టికట్ పత్రిక 1998లో లెక్కదీస్తే, అంతకుముందు పదేళ్ళలో అమెరికా సంస్థల్లో కట్టేసినప్పుడు, గదిలో బంధించినప్పుడు చనిపోయినవాళ్ళు 142 మంది తేలారు. ఆ తర్వాతే ఫెడరల్ నిబంధనలు బిగించారు. అయితే ఇక్కడ ఒక మంచి పని కూడా జరిగింది. పెన్సిల్వేనియా ప్రభుత్వ ఆసుపత్రులు 1990ల చివర్లో, రోగిని కట్టేయడం చికిత్స కాదు, చికిత్స విఫలమైందనడానికి గుర్తు అని తేల్చుకున్నాయి. ప్రతి సంఘటననూ లెక్కపెట్టారు, ఎందుకు జరిగిందని కూచుని మాట్లాడుకున్నారు. కొన్నేళ్ళలో కట్టేసిన గంటలు బాగా తగ్గాయి. రోగులు మారలేదు, లెక్క మొదలైంది.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. కాగితం మీద ఇది మంచి చట్టం అని నిస్సంకోచంగా చెబుతాను. గొలుసులతో కట్టడం ఏ రూపంలోనూ కుదరదు. మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా కరెంటు షాకులు ఇవ్వకూడదు. ఏకాంత నిర్బంధం నిషిద్ధం. బలవంతంగా గుండు గీయకూడదు, యూనిఫాం తొడగకూడదు. ఆడవాళ్ళకు నెలసరికి కావలసినవి ఇవ్వాలి, చేయించుకున్న పనికి డబ్బివ్వాలి. రోగికి ఫోన్ చేసుకునే హక్కు, మనుషులను కలిసే హక్కు ఉన్నాయి.

మనిషి తనకో, పక్కవాడికో అప్పటికప్పుడు హాని చేసే పరిస్థితి ఉంటే ఏం చేయాలని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వార్డులో దెబ్బలు తినే నర్సుల గురించి మనం మాట్లాడం. ఆ చట్టంలోని 97వ సెక్షన్ దానికి దారి వదిలింది. వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే ఆపవచ్చు. ఎలా ఆపారు, ఎందుకు, ఎంతసేపు అన్నది వెంటనే రాయాలి. రోగి నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లో తెలియజేయాలి. నెలనెలా బోర్డుకు నివేదించాలి. శిక్షగా వాడకూడదు. సిబ్బంది తక్కువున్నారు అన్నది కారణం కాదని కూడా రాశారు. ఈ ఒక్క వాక్యం 2016లో ఉండి ఉంటే ఆ మేనేజరుకు చూపించేవాణ్ణి.

బోర్డు అన్నాను కదా, ఇదే అసలు కీలు. జిల్లా జడ్జి స్థాయి మనిషి అధ్యక్షతన ఉండే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డులో డాక్టర్లతో పాటు మానసిక రోగులు, వాళ్ళను చూసుకునేవాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళ నుంచి ఇద్దరికి చోటుంది. రోగి దానికి నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. కాని చాలా రాష్ట్రాల్లో బోర్డుల ఏర్పాటే ఏళ్ళ తరబడి సాగింది, కోర్టులు అదిలించాల్సి వచ్చింది. బోర్డు ఉన్నంత మాత్రాన సరిపోదు కూడా. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. మేధో వైకల్యం ఉన్నవాళ్ళను అక్కడ హింసిస్తున్నారని ఒక నర్సు తనిఖీ సంస్థకు చెప్పినా పట్టించుకోలేదు. 2011లో బీబీసీ రహస్య కెమెరా బయటపెట్టాకే కదిలారు. ఆ తనిఖీ సంస్థ ఐచ్ఛిక ప్రోటోకాల్ కింద ఏర్పడిన వ్యవస్థలో భాగమే. తనిఖీ చేసేవాళ్ళు కూడా గేటు దగ్గర ఇచ్చే టీ తాగి వెళ్ళిపోవచ్చు.

అందుకే మన వంతు పని చెబుతున్నాను. ఈ హాల్లో ఎవరింట్లో ఎవరున్నారో నేను అడగను. కాని నాలా నెలనెలా డబ్బు పంపేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కట్టేసిన రికార్డు చూపించమనండి. 'మా దగ్గర అలాంటివి జరగవండీ' అంటే ఇంకా గట్టిగా అడగండి, ఎందుకంటే నిజంగా తగ్గించినవాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది. స్పీకర్ ఆపి, మేనేజరు గది బయట ఉండగా మాట్లాడండి. ఊళ్ళో ఉన్న స్నేహితుణ్ణో, మేనమామ కొడుకునో చెప్పకుండా పంపండి, ఓసారి పగలు, ఓసారి రాత్రి. ఫోరం తరఫున మాత్రం నా ప్రతిపాదన ఒకటే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ జిల్లాకు ఏ బోర్డు ఉంది, ఎన్నిసార్లు కూచుంది, కట్టేసిన నివేదికలు ఎన్ని అందాయి అని సమాచార హక్కు కింద అక్కడి మిత్రుల ద్వారా అడిగిద్దాం. ఖర్చు మనం పెట్టుకుందాం.

తమ్ముడిని ఆ రోజే బయటికి తెచ్చాను. అంతా చక్కబడిందని చెప్పను. రెండుసార్లు మళ్ళీ ఆసుపత్రిలో చేరాడు, ఈసారి ఒక పెద్ద ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో, పిన్ని పక్కనే ఉంది. ఇప్పుడు ఇద్దరూ అద్దె పోర్షన్‌లో ఉంటున్నారు, పగటిపూట సాయానికి ఒక మనిషి వస్తుంది. కొత్త చట్టం ప్రకారం ప్రతినిధిని పెట్టుకోవచ్చని చెప్పి, కాగితం వాడి చేతికే ఇచ్చాను. నా పేరు రాస్తాడనుకున్నాను. మేడ మీద ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారి పేరు రాశాడు. ఎందుకురా అంటే, "ఆయన ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేస్తాడు అన్నయ్యా" అన్నాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.