బోరు చేయించాలా, బండి మార్చాలా?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసినదంతా చెప్పేశారు. కార్యదర్శిగారు నన్ను "మీ స్కూటరు సంగతి చెప్పండి, అందరి ఇళ్ళలోనూ ఉన్న గొడవే" అన్నారు. అందుకని చెబుతున్నాను.

నా బండి బజాజ్ చేతక్. 1983లో బుక్ చేస్తే 1987లో చేతికొచ్చింది. ప్రభుత్వం వారి అడ్వాన్సుతో కొన్నాను. ముందు అసలు, ఆ తరువాత వడ్డీ, నెలనెలా జీతంలోంచి కోసుకున్నారు. ముందు పిల్లవాణ్ణి నిలబెట్టుకుని, వెనుక మా ఆవిడ ఒళ్ళో అమ్మాయిని పెట్టుకుని, అరసవల్లి నుండి శ్రీకాకుళం ఎన్ని వేల సార్లు తిరిగామో లెక్క లేదు. 1999లో ఒకసారి బోరు చేయించాను. అంతే.

2025 రథసప్తమి వెళ్ళిన కొద్దిరోజులకు బండి తెల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. ఈ వయసుకి ఏ బండయినా అంతే అనుకోండి. పెట్రోలు బంకులో కుర్రాడు "తాతగారూ, మునిసిపాలిటీ దోమల మందు బండనుకున్నానండి" అన్నాడు. నవ్వాను గాని, మనసులో కష్టంగానే ఉంది.

మొదటి మెకానిక్కు చప్పుడు విని, నట్టు కూడా విప్పకుండానే, బోరు, పిస్టను, క్రాంకు కలిపి పదకొండు వేలన్నాడు. రెండోవాడు విశాఖపట్నంలో పాత సామాన్ల కొట్టు నుంచి ఇంజనే తెప్పించి పూటలో బిగించేస్తాను, ఎనిమిది వేలు అన్నాడు. హైదరాబాదు నుండి మా అబ్బాయి ఫోనులో "బండి ఖరీదు కంటే రిపేరు ఎక్కువ. ఇనుము కింద ఇచ్చేసి బ్యాటరీ బండి కొనుక్కోండి నాన్నగారూ" అన్నాడు. పాత చేతక్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది గాని, అదే పేరుతో బ్యాటరీది 2020లో లక్ష రూపాయల ధరతో వచ్చింది. గ్రాట్యుటీ డబ్బు అమ్మాయి పెళ్ళికి వెళ్ళిపోయింది. లక్ష అంటే నాకు చిన్న మాట కాదు.

ఇక్కడ నాకు మా సమితి ఆఫీసు జీపు గుర్తొచ్చింది. మండలాలు రాకముందు మాట. పెట్రోలు జీపు, ఇంజను అరిగిపోయింది. ఇంజను రిపేరా, డీజిల్ ఇంజను బిగింపా, కండెమ్ చేయడమా అని ఫైలు పెట్టింది నేనే. ఎస్టిమేటు పంపితే కొర్రీ, జవాబు రాస్తే ఇంకో కొర్రీ. చివరికి రిపేరుకు మంజూరు వచ్చేనాటికి వేపచెట్టు కింద జీపుకి బ్యాటరీ లేదు, టాపు లేదు, రెండు టైర్లు లేవు. ఇంజను మాత్రం భద్రంగా ఉంది, ఎవరికీ అక్కరలేదు గనుక! ప్రభుత్వ వాహనాలకైతే ఇప్పుడా బాధ లేదు. పదిహేనేళ్ళు దాటిన వాటికి 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషనే కొనసాగించడం లేదు. ఇంటి బండికి ఆ నిర్ణయం మనమే చేయాలి.

ఆఫీసులో మా సూత్రం ఒకటే. రిపేరు ఖర్చు బండి విలువను మించితే కండెమ్. మా అబ్బాయి చెప్పిందీ అదే. రాత్రంతా ఆలోచించాను. అమ్మదలిస్తే గదా దాని విలువ లెక్క! నేను అమ్మడం లేదు. మందులకు, కూరలకు, బ్యాంకుకు, మా ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆ తిరుగుడు ఇంకో రెండు మూడేళ్ళు ఏ బండితో ఎంతకు జరుగుతుందన్నదే నా లెక్క. కాగితం మీద రెండు గళ్ళు గీసి రాసుకున్నాను. గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది?

మూడోసారి ఏడు రోడ్ల కూడలి దాటాక ఒక పాత మేస్త్రి దగ్గరకు వెళ్ళాను. ఆయన ఇంజను జోలికి పోకుండా ముందు ఒకటే అడిగాడు.

"గేరాయిలు ఎప్పుడు సూసినారు బాబూ?"

నేను చూడలేదు. చూస్తే సగం లేదు. కింద ఎక్కడా కారిన మరక లేదు. మరి ఏమయింది? క్రాంకుకు క్లచ్చి వైపు ఒక ఆయిల్ సీలు ఉంటుంది. అది గట్టిపడి వదులైతే గేరుబాక్సులోని నూనెను ఇంజను లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. టూ స్ట్రోకు బండి ఎలాగూ కాస్త పొగ వేస్తుంది. పెట్రోల్లో నూనె ఎక్కువ కలిపినా వేస్తుంది. కాని ఇంజను బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ తగ్గకుండా, గేరాయిలు తగ్గిపోతూ ఉంటే ముందు ఆ సీలును అనుమానించాలట.

"ఇంజను పోనాదని ఎవులు సెప్పినారు? పిస్టను సూడకుండా బోరేటి?" అన్నాడు.

సీలు ఖరీదు స్వల్పమే. దాన్ని చేరాలంటే ఇంజను దింపి కేసు విప్పాలి, కూలి అంతా దానికే. ఎలాగూ విప్పారు గనుక బేరింగులూ మార్పించాను. సిలిండరులో రింగు పెట్టి, ఫీలర్ గేజితో సందు కొలిచి నా కళ్ళతో చూపించాడు. రింగులు మార్చితే చాలు, బోరు అక్కరలేదు అన్నాడు. అవసరమైతే ఇంకోసారి బోరుకు సిలిండరులో చోటుందట. మొత్తం నాలుగు వేల ఆరు వందలు. రసీదు ఫైల్లో ఉంది.

పాత ఇంజను ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. ఇంజను మీద నంబరు, ఆర్.సి.లో నంబరు ఒకటే కావాలి. ఇంజను మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్.సి.లో రాయించుకోవాలి. ఆ ఇంజను ఏ బండిదో, దాని పాత ఆర్.సి., బిల్లు ఏవీ అని అడిగితే రెండోవాడు "నంబరు మనమే కొట్టేద్దాం సార్" అన్నాడు. దొంగ బండి ఇంజనైతే డెబ్బయ్యో పడిలో పోలీసు స్టేషను మెట్లెక్కాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువారికి ఒక సాకు దొరుకుతుంది. మీలో ఎవరైనా పాత ఇంజను వేయిస్తే ముందు కాగితాలు అడగండి.

ఇంటికొచ్చి స్కూటరు పక్కకు వంచి కిక్కు కొట్టాను. రెండో కిక్కుకే అందుకుంది, పొగ లేదు. విజయగర్వంతో మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గుమ్మంలో నుంచి, "ఇంజను సంగతి తేల్చారు. మరి మీ సంగతి?" అంది.

నేను మాట్లాడలేదు. అంతకు ముందు నెల సూర్యమహల్ దగ్గర ఆటో అడ్డం వస్తే బ్రేకు మీద కాలు వెయ్యడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఏమీ కాలేదు గాని, ఆవిడ వెనుకే కూర్చుని ఉంది. మన స్వామి రథానికి సారథి అనూరుడు, తొడలు లేనివాడు. నా మోకాళ్ళూ ఆ దారిలోనే ఉన్నాయి. అయితే నేను నడిపేది స్వామివారి రథం కాదు గదా!

లైసెన్సు అయిదేళ్ళకొకసారి రెన్యూవల్, దానికి డాక్టరు సర్టిఫికెట్టు. డాక్టరుగారు తెలిసినవారే, సంతకం చేసేవారే. ఈసారి మాత్రం నేనే "కళ్ళు, కాళ్ళు నిజంగా చూడండి" అన్నాను. చూశారు. చీకటి పడ్డాక వద్దు, హైవే ఎక్కవద్దు, వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దు అన్నారు. మూడోదే కష్టమనిపించింది. ఇప్పుడు మా ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గరకు ఆటోలో వెళుతుంది. నేను స్కూటరు మీద వెనకాల వెళతాను.

2027లో రిజిస్ట్రేషను మళ్ళీ రెన్యూవల్‌కు వస్తుంది. ఇరవై ఏళ్ళు దాటిన ద్విచక్ర వాహనాలకు ఆ రుసుము 2025 ఆగస్టులో రెండు వేలు చేశారు. అప్పటికి నాకు డెబ్బై ఆరు. ఆ ఫైలు ఇంకా తెరవలేదు.