మనుమడి కంప్యూటరులో నా మొదటి దండయాత్ర
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"విశ్రాంత జీవితంలో కాలక్షేపం" అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. భగవద్గీత గురించో, ఉదయపు నడక గురించో చెబుతానని ఆయన అనుకొని ఉంటారు. నేను మాత్రం ఒక యుద్ధం గురించి చెప్పదలచుకున్నాను. అందులో నేను రాజుని. ఓడిపోయిన రాజుని.

పోయిన వేసవిలో మోకాలి ఆపరేషను చేయించుకొని రెండు నెలలు ఇంటిపట్టున ఉండవలసి వచ్చింది. ఇంజనీరింగు చదువుతున్న మా మనుమడు సెలవులకు వచ్చాడు. రోజంతా టీవీ ముందు కూర్చొని ప్రభుత్వాలన్నింటినీ తిడుతున్న నన్ను చూడలేక, తన కంప్యూటరు తెచ్చి ముందు పెట్టాడు. "తాతయ్యా, తిట్టడం ఎంతసేపు? నువ్వే ఒక రాజ్యం ఏలి చూడు" అన్నాడు.

ఆ ఆట పేరు యూరోపా యూనివర్సాలిస్. అందులో నాలుగోది. స్వీడన్ దేశపు పారడాక్స్ అనే సంస్థ 2013లో విడుదల చేసింది. ప్రపంచపటమంతా తెర మీద ఉంటుంది. కాలం 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా రోజులు రోజులుగా నడుస్తుంది. నవంబరు అంటే మనకు లైఫ్ సర్టిఫికెట్ల నెల. ఆట తయారుచేసినవారికి మాత్రం, ముందురోజు వర్నా యుద్ధంలో తురుష్కుల చేతిలో పోలండు, హంగెరీల రాజు మరణించిన నెల. ఇష్టమైన దేశాన్ని ఎంచుకొని ఏలుకోవచ్చు. కొత్తవాళ్ళకు పోర్చుగల్ నయమని మనుమడు సలహా ఇచ్చాడు. పోర్చుగల్‌తో నాకేం పని? విజయనగరం కావాలన్నాను. శ్రీనాథుడికి కనకాభిషేకం చేశాడని మనం చిన్నప్పుడు చెప్పుకున్న ప్రౌఢ దేవరాయలు అప్పటికి గద్దె మీద ఉన్నాడు.

ఇది చదరంగంలాంటిది కాదు. సైన్యం ఒక మూల మాత్రమే. పరిపాలన, దౌత్యం, సైనికం అని రాజుకు మూడు రకాల శక్తి నెలనెలా కొంత కొంత జమ అవుతుంది. ఏ పనికైనా అందులోంచి ఖర్చు పెట్టాలి. దానికి తోడు ఖజానా పేజీ ఒకటి ఉంది. ఒకవైపు శిస్తు, ఉత్పత్తి, వర్తకం. మరోవైపు సైన్యం జీతాలు, కోటల ఖర్చు, సలహాదారుల జీతాలు. అది తెరవగానే నాకు ప్రాణం లేచివచ్చింది. 33 ఏళ్ళు సబ్ ట్రెజరీలలో పనిచేసినవాణ్ణి కదా! వెంటనే ఒక సలహాదారుణ్ణి తీసేశాను. కోటల ఖర్చు తగ్గించాను. రెండేళ్ళలో ఖజానా నిండింది. "తాతయ్యా, ఇది ఆట, ఆడిట్ కాదు" అన్నాడు మనుమడు.

అప్పుడు పొరుగున ఉన్న బహమనీల మీదికి వెళ్ళాలన్న బుద్ధి పుట్టింది. ఊరికే వెళ్ళకూడదు. ముందు వేగులను పంపి, ఫలానా ప్రాంతం మాది అని ఒక హక్కు తయారుచేసుకోవాలి. అది లేకుండా యుద్ధం ప్రకటిస్తే సొంత రాజ్యంలోనే సుస్థిరత పడిపోతుంది. శాంక్షన్ ఆర్డరు లేని బిల్లు లాంటిదన్నమాట. నేను పద్ధతి తప్పలేదు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. వర్షాకాలం ముందు బయలుదేరడమే తప్పయింది.

24 వేల సైన్యాన్ని ఒకేచోట నిలబెట్టాను. ఏ నేలైనా కొంతమందినే పోషించగలదని, అంతకు మించితే యుద్ధం లేకుండానే నెలనెలా మనుషులు చస్తారని నాకు తెలియదు. వానాకాలంలో ఆ పోషణ ఇంకా తగ్గుతుంది. నడిచేటప్పుడు విడివిడిగా నడిపి, పోరాటం నాటికి ఒకచోట చేర్చాలట. నాకది తెలిసేసరికి మూడోవంతు సైన్యం కరిగిపోయింది. శత్రువు ముఖం కూడా చూడలేదు.

అయినా సరిహద్దు కోట ఒకటి పట్టుకున్నాను. తరువాత బీదరును చుట్టుముట్టాను. ముట్టడి పాచికల మీద నడుస్తుంది. సుమారు నెలకొకసారి పాచిక పడుతుంది. పడితే పడినట్లు, లేకుంటే మళ్ళీ నెల. అలా ఏడాది దాటాక బహమనీల నుంచి సంధి కబురు వచ్చింది. ఎవరి భూములు వారివి, ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. ఈ ఆటలో దాన్ని తెల్ల సంధి అంటారు.

"ఒప్పుకో తాతయ్యా" అన్నాడు మనుమడు.

"ఇంత ఖర్చు పెట్టాక ఉత్త చేతులతోనా?" అన్నాను.

అక్కడి నుంచి జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. సైన్యంలో చేర్చుకొనేందుకు రాజ్యంలో మనుషులు అయిపోయారు. కిరాయి దండును పెట్టాను. ఈ ఆటలో ఖజానా సున్నాకు దిగితే అప్పు దానంతటదే వచ్చేస్తుంది. సంతకం అడగదు, అభ్యంతరం రాయదు. సర్వీసులో అర్ధరూపాయి తేడాకు బిల్లు వాపసు పంపిన మనిషిని, ఒకదాని మీద ఒకటి అప్పులు మింగాను. వడ్డీ కట్టడానికి మళ్ళీ అప్పు. ప్రతి నెలా ఈసారి పాచిక పడుతుందనే ఆశ. జనానికి యుద్ధమంటే విసుగు పుట్టి తిరుగుబాట్లు లేచాయి. 1452లో ఇక అప్పు పుట్టలేదు. దివాలా! అప్పులు రద్దయ్యాయి గాని సైన్యానికి ధైర్యం పోయింది, రాజ్యానికి సుస్థిరత పోయింది. దాని ఫలితం ఐదేళ్ళు అనుభవించాలి. బహమనీ సేన తుంగభద్ర దాటి హంపీ దాకా వచ్చింది. మూడు ప్రాంతాలు రాసిచ్చి బయటపడ్డాను. అసలు చరిత్రలో రాయచూరు కోటను కృష్ణదేవరాయలు గెలుచుకున్నది 1520లో. ఆ ఓపిక నాకు లేకపోయింది.

"ఎందుకు ఆపలేదు తాతయ్యా?" అని అడిగాడు మనుమడు.

"వాళ్ళు లొంగితే కదరా" అన్నాను.

"మొదలుపెట్టింది నువ్వే కదా!" అని నవ్వి, అన్నానికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇక్కడ చాలామందికి తెలిసిన విషయమే కనుక దాచను. 40 సెంట్ల నేల గురించి నాకూ మా తమ్ముడికీ తొమ్మిదేళ్ళుగా కోర్టులో వ్యాజ్యం నడుస్తోంది. వేసింది నేను. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. చెరిసగం చేసుకుందామని వాడు పెద్దమనుషుల ద్వారా రెండుసార్లు కబురు పంపాడు. రెండుసార్లూ నేను అన్న మాట, "ఇంత ఖర్చు పెట్టాకనా?" అని. ఆ మాట బీదరు ముందు కూర్చొని మళ్ళీ నా నోటివెంట వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు. తెల్లవారుజామున గుర్తొచ్చింది. మా వదినా మరుదుల మధ్య ఈ తొమ్మిదేళ్ళలో పలకరింపు లేదు. మా ఆవిడ పోయినప్పుడు తమ్ముడు గుమ్మం దాకా వచ్చి, బయటే నిలబడి వెళ్ళిపోయాడు. నేను లోపలికి రమ్మనలేదు.

మరునాడు పాత ఫైలు తీసి, వకీలు ఫీజులు, కోర్టు ఖర్చులు, రానుపోను చార్జీలు వరుసగా వేసి కూడాను. ఆ అంకె ఇక్కడ చెప్పను.

పోయిన నెల తమ్ముడికి ఉత్తరం రాశాను. చెరిసగానికి ఒప్పుకుంటున్నానని, లోక్ అదాలత్‌లో రాజీ పెట్టుకుందామని రాశాను. ఫోను చేయవచ్చు గదా అంటారేమో. ధైర్యం చాలలేదు. జవాబు ఇంకా రాలేదు. మా ఊరివారు ఇద్దరు ఈ సభలో ఉన్నారు. వాడు కనిపిస్తే ఉత్తరం అందిందో లేదో కనుక్కోవలసిందిగా వారికి నా మనవి.

మనుమడు సంక్రాంతికి వస్తున్నాడు. ఈసారి పోర్చుగల్ తీసుకుంటానని మాట ఇచ్చాను.