హేజెల్ వైట్‌మన్: క్రీడారంగమున గురుమాత



నేటి ప్రసంగ విషయము అమెరికా దేశపు టెన్నిస్ క్రీడాకారిణి హేజెల్ వైట్‌మన్ జీవితము. ఆటలలో గెలిచినవారి చరిత్రలు పెక్కు గలవు. గెలిచిన పిదప తన విద్యను పరులకు పంచిపెట్టినవారి చరిత్రలు అరుదు. ఈమె చరిత్ర అట్టిది.

హేజెల్ హాచ్‌కిస్ 1886 డిసెంబరు 20వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రమందలి హీల్డ్స్‌బర్గ్ పట్టణమున జన్మించెను. బాల్యమున ఆమె దేహము దుర్బలము. ఆరుబయట ఆడుట మేలని వైద్యుడు చెప్పగా, సోదరులతో కూడి ఆటలాడసాగెను. కుటుంబము బర్క్‌లీ పట్టణమునకు చేరిన పిదప ఇంటి పెరటిలోనే టెన్నిస్ అభ్యసించెను. ఆ నేల ఎగుడుదిగుడు. పడిన బంతి ఎటు ఎగురునో తెలియదు. అందుచే బంతి నేలను తాకకమునుపే కొట్టుట ఆమెకు అలవడెను. దీనినే ‘వాలీ’ యందురు. నాటి స్త్రీలు పెక్కుమంది వెనుకగీత వద్దనే నిలిచి ఆడుచుండగా, ఈమె వల యొద్దకు దూసుకొని వచ్చి ఆడుచుండెను. పెరటి లోపమే ఆమెకు బలమయ్యెను.

అచ్చటి విశ్వవిద్యాలయపు ఆటస్థలమున ఉదయము 8 గంటలు దాటినచో బాలికలకు ప్రవేశము లేదు. హేజెల్ అందులకు నిరాశ చెందలేదు. వేకువనే పోయి, సాధన ముగించుకొని, వేళకు స్థలము విడిచి వచ్చుచుండెను.

ఆ సాధన వృథా కాలేదు. 1909, 1910, 1911 సంవత్సరములలో వరుసగా అమెరికా జాతీయ పోటీలందు ఒంటరి ఆట, జంట ఆట, స్త్రీపురుషుల మిశ్రమ జంట ఆట, మూడింటను ఆమెయే విజేత. 1912లో బోస్టను వాస్తవ్యుడగు జార్జి వైట్‌మన్‌ను వివాహమాడెను. పెండ్లియై బిడ్డలు కలిగిన స్త్రీకి ఆటలేల యని తలచు కాలమది. ఆమె 1919లో తిరిగి ఒంటరి ఆటలో జాతీయ విజయము సాధించెను. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గడించెను. అందొకటి యువతి హెలెన్ విల్స్‌తో కూడి జంట ఆటలో పొందినది.

స్త్రీలకును దేశముల నడుమ పోటీ యుండవలెనని కోరి ఆమె ఒక వెండి కలశమును బహూకరించెను. 1923లో ఫారెస్ట్ హిల్స్ నందు అమెరికా, బ్రిటను స్త్రీల నడుమ మొదలైన ఆ ‘వైట్‌మన్ కప్’ పోటీ 1989 వరకు సాగెను.

అయినను ఆమె ఘనత కలశములలో లేదు. బోస్టను చేరువనున్న లాంగ్‌వుడ్ క్లబ్బులో దశాబ్దములపాటు బాలికలకు రుసుము గొనక ఆట నేర్పెను. దూరమునుండి పోటీలకు వచ్చిన యువతులకు తన యింటనే బస యిచ్చెను. ఆరితేరినవారికే గాక, రాకెట్టు పట్టుటైన నెరుగని బిడియపు పిల్లలకును ఓర్పుతో నేర్పెను. తెలిసినదానిని 1933లో ‘బెటర్ టెన్నిస్’ అను గ్రంథముగా వ్రాసెను. 1943లో, 56వ యేట, మరల జాతీయ జంట విజయమును పొందెను. ఆమె గెలిచిన జాతీయ బిరుదులు మొత్తము 45.

1974 డిసెంబరు 5వ తేదీన ఆమె పరమపదించెను. విద్య ఇచ్చినకొలది పెరుగునని మన పెద్దలందురు. గ్రంథాలయమున పుస్తకము ఒకరి చేతినుండి వేరొకరి చేతికి పోవునట్లు, ఆమె విద్యయు చేతులు మారి నిలిచినది. ఉదయము 8 గంటలకు ఆటస్థలము విడిచిపోవలసి వచ్చిన బాలిక, పెద్దదై, ఏ బాలికనును విడిచిపొమ్మని యనలేదు.