పడవమీద ధ్వనియంత్రము – అమరికయు, జాగ్రత్తయు

(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సమాజ సభలో చదివిన ప్రసంగపాఠము)



పుదుచ్చేరి సముద్రమునకు అభిముఖముగా కూర్చున్న పట్టణము. సాయంకాలము తీరపువీథిలో నడచువారికి ఒక ప్రక్క అలల మ్రోత, మరియొక ప్రక్క ఊరి సందడి వినవచ్చుచుండును. ఈ రెండింటికి తోడు మూడవ ధ్వని యొకటి కలదు. అది మనుష్యుడు తనతో నీటిమీదికి కొనిపోవు పాట, మాట, కేక. పట్టణమునుండి కడలూరు మార్గమున సుమారు 8 కిలోమీటర్లు పోయినచో చున్నాంబారు పడవలరేవు వచ్చును. అచ్చట పడవ ఎక్కి నీటిపాయ వెంట ఇసుకతీరమునకు పోవుట సెలవుదినములలో కుటుంబములకు వేడుక. గోదావరిపై పాపికొండల విహారమునకు పోయివచ్చిన తెలుగువారికి లాంచీలో పాటయు, మైకులో వ్యాఖ్యానమును క్రొత్తవి కావు. సొంతముగానో, నలుగురు కలిసియో చిన్న పడవ కొనువారు నేడు దానిలో నాలుగు స్పీకర్లు, ఒక బహుఛానల్ యాంప్లిఫయరు పెట్టించుకొనగోరుట సహజము.

వినోదమునకై తెచ్చుకొన్న పెట్టెను గూర్చి ఇంత విచారణ ఏల యని అడుగవచ్చును. సమాధానము పుదుచ్చేరి తీరముననే దొరకును.

డాక్టర్ ఎం. ఎస్. స్వామినాథన్ పేరిట నెలకొన్న పరిశోధన సంస్థ 1998లో విల్లియనూరు కేంద్రముగా ఈ ప్రాంతపు పల్లెలలో సమాచార కేంద్రములను స్థాపింప నారంభించినది. సముద్రపు ఒడ్డున నున్న వీరాంపట్టణమునందు బెస్తవారికి కావలసినది మరునాటి అలల ఎత్తు. అమెరికా నౌకాదళము ప్రకటించు అలల అంచనాలను కంప్యూటరు ద్వారా గ్రహించి, కేంద్రమువారు వానిని తమిళములో లౌడ్‌స్పీకర్లలో చదివి వినిపించెడివారు. వల బాగుచేసికొనువాడు తలయెత్తి చూడకయే, చదువు రానివాడు ఒకరిని అడుగకయే, మరునాడు పడవ దింపవచ్చునో లేదో తెలిసికొనెను.

ఇట్టి కేంద్రమే సమీపమున నల్లవాడు గ్రామములోను ఉండెను. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సుమాత్రా సమీపమున భూకంపము కలిగినది. మన తూర్పుతీరమునకు అల చేరుటకు సుమారు రెండు గంటల వ్యవధి ఉండెను. కాని ఆ వ్యవధిని వాడుకొనుటకు నాడు దేశమున హెచ్చరిక వ్యవస్థ లేదు. సింగపూరులో పని చేయుచున్న ఆ గ్రామపు యువకుడొకడు వార్త విని ఇంటికి టెలిఫోను చేసెను. గ్రామస్థులు కేంద్రపు తలుపు పగులగొట్టి లోనికి పోయి, లౌడ్‌స్పీకర్లలో అందరిని ఊరు విడిచి పొండని కేకవేసిరి. ఇండ్లు పోయినవి, పడవలు పోయినవి. కాని సుమారు మూడున్నర వేల మంది ప్రజల ప్రాణములు దక్కినవి. అలల ఎత్తు చదువుటకు పెట్టిన యంత్రము ఆ దినమున ఊరిని కాచినది. ఆ గడియలో అది పలికినది గనుకనే ఆ కీర్తి. బ్యాటరీ ఉడిగియున్నను, తీగ తుప్పు పట్టియున్నను, ఎంత ఖరీదు యంత్రమైనను ఆనాడు ఇనుపముక్కయే యయ్యెడిది.

పడవలోని యంత్రమునకు కూడ ఇదే పరీక్ష. అది చక్కగా పాడవలెను, ఆపదలో పలుకవలెను, పడవకు ఆపద తేరాదు. ఈ మూడును అమరికపై ఆధారపడి ఉన్నవి.

మొదట యంత్రమేమి చేయునో చూతము. టేపు, రేడియో, నేటి చేతిఫోను ఇచ్చు విద్యుత్సంకేతము మిక్కిలి బలహీనము. స్పీకరు కాగితమును కదలించుటకు చాలదు. బ్యాటరీ శక్తిని ఆ సంకేతపు రూపమున మలచి స్పీకరుకు పంపునదే యాంప్లిఫయరు. 1906లో లీ డి ఫారెస్ట్ కనుగొన్న మూడు ధ్రువముల వాల్వుతో ఈ విద్య మొదలైనది. 1947లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు దానిని అరచేతిలోనికి తెచ్చినది. నాలుగు ఛానళ్ల పెట్టె యనగా ఒకే డబ్బాలో నాలుగు స్వతంత్రపు యాంప్లిఫయర్లు. ముందుభాగమునకు రెండు, వెనుకభాగమునకు రెండు. ఒక్కొక్కదాని బిగ్గరతనము వేరుగా దిద్దుకొనవచ్చును.

ఒక పెద్ద హారను చాలదా, నాలుగు స్పీకర్లేల? లెక్కయే చెప్పును. ఆరుబయట దూరము రెట్టింపైన కొలది ధ్వని 6 డెసిబెల్లు తగ్గును. ఒక వాటు శక్తితో ఒక మీటరు దూరమున 90 డెసిబెల్లు ఇచ్చు స్పీకరు 2 మీటర్ల వద్ద 84, 4 మీటర్ల వద్ద 78, 8 మీటర్ల వద్ద 72 మాత్రమే ఇచ్చును. పడవ కొసన కూర్చున్నవానికి 80 డెసిబెల్లు వినిపింపవలెనన్నచో ఆ ఒక్క స్పీకరుకు 6 వాట్లకు పైగా ఈయవలెను; అప్పుడు దాని ప్రక్కన కూర్చున్న పసిబిడ్డ చెవిలో 98 డెసిబెల్లు పడును. ఆ తీవ్రతను పెద్దల చెవి సహితము అరగంటకు మించి సహింపరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల ప్రమాణము. అట్లుకాక ప్రతివానికి 2 మీటర్ల లోపల ఒక స్పీకరు ఉన్నచో అర వాటుకు తక్కువ శక్తితోనే అదే 80 డెసిబెల్లు లభించును. ఎవరి చెవి చెడదు. ఒడ్డున ఉన్నవారి నిద్రయు చెడదు. మరి 50 వాట్ల పెట్టె ఎందుకన్నచో, మృదంగపు దెబ్బ, గాయకుని తారస్థాయి సగటునకు పదిరెట్ల శక్తిని ఒక్క క్షణము కోరును. ఇంజను మ్రోతను గూడ దాటవలసియుండును. ఆ క్షణమున శక్తి చాలనిచో పాట చీలి గరగరలాడును. చిన్న స్పీకర్లు కాలిపోవును.

ఇక బ్యాటరీ. 4 ఓముల స్పీకరుకు ఛానలొకటికి 50 వాట్ల చొప్పున నాలుగు ఛానళ్లు పూర్తిగా పలికినచో వెలువడునది 200 వాట్లు. డి తరగతి యను నేటి పద్ధతిలో నూటికి సుమారు 80 వంతులు ధ్వనిశక్తికి చేరును. కావున బ్యాటరీ నుండి 250 వాట్లు, అనగా 12 వోల్టుల వద్ద సుమారు 20 ఆంపియర్లు లాగును. ఏబీ తరగతి యను పాత పద్ధతిలో దాదాపు సగము వేడిగా పోవును గనుక 30 ఆంపియర్లు దాటును. 100 ఆంపియరు గంటల బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేయరాదు. కావున పూర్తి బిగ్గరగా రెండున్నర గంటలు. సాధారణముగా విన్నచో దానికి అనేక రెట్లు.

ఇచ్చటనే మొదటి ఆపద పొంచియున్నది. ఇంజనును కదలించు బ్యాటరీ నుండియే పాటకు శక్తి తీసికొన్నచో, ఇసుకతీరమున లంగరు వేసి మధ్యాహ్నమంతయు పాటలు విన్నవారికి సాయంకాలము ఇంజను లేవదు. ఒడ్డున కారు ఆగినచో నలుగురు త్రోయుదురు. నీటిపై పడవ ఆగినచో గాలి త్రోయును. ఎటు త్రోయునో దాని ఇష్టము. కావున ధ్వనికి వేరు బ్యాటరీ ఉండవలెను. రెండింటి నడుమ మార్పిడి స్విచ్చి ఉండవలెను. ఇంజను బ్యాటరీ ఇంజనుదే. పాటపెట్టె ఆగినప్పుడు యాంప్లిఫయరును గూడ ఆపు సన్నని రిమోటు తీగను తప్పక కలుపవలెను. లేనిచో అది రాత్రియంతయు మేల్కొని బ్యాటరీని త్రాగుచుండును.

తీగల విషయములో కారుపని నేర్చినవారు పడవలో పొరపడుదురు. కారులో ఇనుపశరీరమే ఋణధ్రువమునకు దారి. చెక్కపడవకు, ఫైబరు పడవకు అట్టి శరీరము లేదు; ఋణధ్రువపు తీగ కూడ అంతే లావున బ్యాటరీ వరకు పోవలెను. పెట్టె 4 మీటర్ల దూరమున ఉన్నచో విద్యుత్తు పోయివచ్చు దారి 8 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో 20 ఆంపియర్ల వద్ద ఒక వోల్టుకు పైగా తీగలోనే పోవును. అది వేడియై ఒరను మెత్తబరచును. 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టము వోల్టులో అయిదవవంతు కూడ కాదు. తీగ తగరపు పూత గల రాగిదై యుండుట మేలు. పుదుచ్చేరిలో సముద్రపు గాలి ఇంటి కిటికీ చువ్వలనే తినివేయును. పూతలేని రాగి ఉప్పుతేమకు ఆకుపచ్చగా మారి పొడియగుచుండును.

ధనధ్రువపు తీగకు బ్యాటరీనుండి ఏడంగుళముల లోపల ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు యంత్రమును కాపాడుటకే యని పలువురు తలంతురు. మొదట అది కాపాడునది తీగను. ఫ్యూజుకు ముందున్న తీగ ఎచ్చటనైన ఒరసికొని చిట్లినచో దానికి అడ్డులేదు. బ్యాటరీ తన శక్తినంతయు అందులో కుమ్మరించును. సముద్రముపై అగ్నికి మించిన శత్రువు లేదు. అందుచేతనే పెట్రోలు ట్యాంకు ఉన్న అరలో గాని, ఆవిరి వెలువరించు బ్యాటరీ అరలో గాని యాంప్లిఫయరును ఉంచరాదు. అడుగున నీరు చేరుచోట కాక, ఎత్తున, గాలి ఆడుచోట, తుప్పు పట్టని మరలతో నిలువుగా బిగింపవలెను. స్పీకరులోని అయస్కాంతము దిక్సూచి ముల్లును ప్రక్కకు లాగును గనుక రెండింటికి మీటరు దూరమైన ఉండవలెను.

స్పీకర్లను జతచేయునప్పుడు ఓముల లెక్క మరువరాదు. 4 ఓముల స్పీకర్లు రెండు సమాంతరముగా కలిపినచో 2 ఓములగును. పెట్టె 2 ఓములకు తగినదని తయారీదారు వ్రాసియుండినగాని అట్లు కలుపరాదు. రెండు ఛానళ్లను ఒకటిగా జతపరచి పెద్ద స్పీకరుకు ఇచ్చునప్పుడు 4 ఓముల స్పీకరు కూడ ఒక్కొక్క ఛానలుకు 2 ఓములుగానే కనపడును.

అన్నియు కలిపిన పిమ్మట దిద్దుబాటు. గెయిను మీటను బిగ్గరతనపు మీటయని తలచుట సామాన్యమైన పొరపాటు. పాటపెట్టె ఇచ్చు సంకేతమునకు యాంప్లిఫయరును సరితూచుటకే అది యున్నది. గెయినును కనిష్ఠమున ఉంచి, పాటపెట్టెను మూడువంతులు పెంచి, తెలిసిన పాట నొకటి పెట్టి, గెయినును మెల్లగా త్రిప్పుచు పోవలెను. గొంతు చీలినట్లు వినబడినంతనే కొంచెము వెనుకకు త్రిప్పి విడువవలెను. ఆరంగుళముల స్పీకర్లకు 80 హెర్ట్‌జుల క్రింది మంద్రధ్వనులు పోకుండ వడపోత పెట్టినచో శక్తి వృథా కాదు, గాత్రము తేటపడును. ఒడ్డున దిద్దినది చాలదు. ఇంజను నడచుచుండగా నీటిపై మరల దిద్దవలెను.

కట్టకడపట మైకు. సరంగు మైకు నొక్కినంతనే పాట తానుగా అణగి, అతని మాట నాలుగు స్పీకర్లలో వినబడునట్లు అమర్చవలెను. బాలుడు నీటిలో పడినప్పుడు పాట ఆపు మీటను వెదకుటకు వ్యవధి ఉండదు. అంతకంటె ముఖ్యమైనది మౌనము. నౌకలు ఢీకొనకుండ 1972లో ఏర్పడిన అంతర్జాతీయ నిబంధనలు కంటితోను, చెవితోను కూడ కాపు కాయవలెనని శాసించుచున్నవి. ఎదుటి నౌక అయిదు పొట్టి కూతలు వేసినచో నీ నడక నాకు బోధపడలేదని అర్థము. సరంగు నెత్తిపైననే స్పీకరు మ్రోగుచుండగా ఆ కూత ఎవరికి వినబడును? కావున అతనికి సమీపమున నున్న ఛానలును మిక్కిలి తగ్గించి ఉంచవలెను. నాలుగు ఛానళ్ల పెట్టె యొక్క నిజమైన లాభము ఇదియే.

ఒడ్డువారి హక్కును గూడ మరువరాదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు సాధారణముగా నిషిద్ధములు. నీరు ధ్వనిని పీల్చదు. చల్లని రాత్రి నీటిమీది పాట బహుదూరము పోవును.

2004 ఉపద్రవము తరువాత దేశమునకు సునామీ హెచ్చరిక కేంద్రము ఏర్పడినది. 2007 నుండి అది హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థలో పని చేయుచున్నది. తెలుగునేలపై వెలువడు ఆ హెచ్చరిక యానాములోని గౌతమీతీరమునకు, పుదుచ్చేరి రేవునకు, దేశపు తీరమంతటికి పోవును. అయినను ఉపగ్రహమునుండి వచ్చిన వార్త తీరపు గుడిసెలోని ముసలమ్మ చెవికి చేరుటకు కడపటి మెట్టు లౌడ్‌స్పీకరే. ఆ కడపటి మెట్టు బలము ఒక ఫ్యూజులోను, ఒక తీగముడిలోను ఉన్నది. పడవ కొనువారు పెట్టె వెల అడుగుటకు ముందు తీగ లావు, బ్యాటరీల సంఖ్య, సరంగు చెవికి మిగులు నిశ్శబ్దము అడుగుదురుగాక. పాట ఆ తరువాత హాయిగా వినవచ్చును.