షిఫ్టు డ్యూటీ ఉన్నవాళ్లకు ధ్యానం, డైరీ అలవాటు ఎలా? మస్టర్ లెక్క

గోలేటి నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు టాపిక్ ధ్యానం, డైరీ. ఈ రెండూ మంచివని మీకు ఇప్పటికే తెలుసు, కాబట్టి లాభాల లిస్టు చదవను. ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్లు పది రోజుల్లో ఎందుకు ఆపేస్తారు, ఆగకుండా ఉండాలంటే ఏం చేయాలి, అది మాట్లాడుకుందాం.

ఈ టాపిక్ మీద ఏ వీడియో చూసినా మొదటి మాట ఒక్కటే: పొద్దున ఐదింటికి లేవండి. బాగానే ఉంది. కానీ సింగరేణి ఏరియాలో, అది గోలేటి కానివ్వండి, గోదావరిఖని కానివ్వండి, ఇల్లు గడియారం మీద నడవదు, షిఫ్టు మీద నడుస్తుంది. కైరిగూడ ఓపెన్‌కాస్టులో నైట్ షిఫ్టు చేసే మనిషి పొద్దున ఐదింటికి ఇంకా డ్యూటీలోనే ఉంటాడు. షిఫ్టు మారితే అదే ఐదింటికి డ్యూటీకి తయారవుతుంటాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినప్పుడు నా పరిస్థితీ అంతే. అమెరికా క్లయింట్ ఉంటే మన రాత్రి వాళ్లకు ఆఫీస్ టైమ్. అలాంటివాళ్లకు "ఐదింటికి లేవండి" అని చెప్తే, అలవాటు మొదలవ్వకముందే "ఇది మనలాంటోళ్లకు కాదులే" అనిపిస్తుంది.

అందుకే మొదటి మాట. అలవాటును టైమ్‌కి కట్టకండి, పనికి కట్టండి. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేస్తారు కదా? ఏ షిఫ్టు అయినా అది మాత్రం తప్పదు. స్నానం అయిన వెంటనే పది నిమిషాలు కూర్చోవడం, ఆ తర్వాత మూడు లైన్లు రాయడం. షిఫ్టు మారినా ఈ వరుస మారదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె టీమ్ కలిసి 96 మంది మీద 12 వారాల పాటు ఇదే చూశారు. ఒక్కొక్కరూ ఒక కొత్త పని ఎంచుకుని, రోజూ జరిగే ఏదో ఒక పనికి జత చేసుకున్నారు. 2010లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పడుతుందని తేలింది. మధ్యస్థంగా 66 రోజులు. 21 రోజుల్లో అయిపోతుందని మనం వింటుంటాం కదా, అంత తేలిక కాదన్నమాట. ఇంకో మంచి మాట కూడా తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు.

దీన్ని మన భాషలోకి తెచ్చుకుందాం. బాయి పని చేసే ఇళ్లలో పెరిగినవాళ్లకు "ఈ నెల ఎన్ని మస్టర్లు పడ్డయ్?" అనే మాట తెలియకుండా ఉండదు. 1952 గనుల చట్టంలో జీతంతో కూడిన సెలవులకు ఒక లెక్క పెట్టారు. భూమి లోపల పనిచేసేవాళ్లకు 190 హాజర్లు, పైన పనిచేసేవాళ్లకు 240 హాజర్లు ఉంటే ఆ ఏడాది సర్వీసు పూర్తి చేసినట్టు ఆ చట్టం లెక్కపెట్టేది. 365 అడగలేదు! అంత కష్టమైన పనికి కూడా మనిషికి జ్వరం వస్తుంది, పెళ్లిళ్లు ఉంటయ్, చావులు ఉంటయ్ అని లెక్కలో చోటు పెట్టారు. మరి మన ఫోన్‌లో ధ్యానం యాప్ ఏం చేస్తుంది? నలభై రోజులు కూర్చుని ఒక్క రోజు తప్పితే స్ట్రీక్ సున్నా చూపిస్తుంది. ఆ సున్నా చూసి చాలామంది ఆపేస్తారు.

కాబట్టి స్ట్రీక్ వదిలేయండి, మస్టర్ వేసుకోండి. గోడ క్యాలెండర్ మీద, కూర్చున్న రోజు ఒక టిక్కు. మొదటి ఏడాది టార్గెట్ 190. తప్పిన రోజు గురించి బాధ వద్దు, కానీ పడిన మస్టర్ మాత్రం ఎవరూ చెరపలేరు.

ఇప్పుడు ధ్యానం. ఇదేదో సిటీ నుంచి యాప్‌లో వచ్చిన వస్తువు కాదు. గోదావరి అవతల పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలం నాటి బౌద్ధ స్తూపం ఉంది. ఈ నేలకు ఇది పాత సంగతే. మీది ఏ మతమైనా, ఏ మతం లేకపోయినా పద్ధతి ఒకటే. నడుము నిటారుగా పెట్టి కూర్చోండి, కుర్చీ అయినా పర్లేదు. ముక్కు దగ్గర గాలి లోపలికి పోవడం, బయటికి రావడం గమనించండి. కూలర్ సౌండ్, పక్క క్వార్టర్‌లో టీవీ, ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్, ఇవన్నీ ఉంటయ్. మనసు అటు పోతుంది. పోయిందని తెలిసిన వెంటనే మళ్లీ శ్వాస దగ్గరికి తెచ్చుకోండి. ఆ తెచ్చుకోవడమే అసలు అభ్యాసం.

ఒక హెచ్చరిక. నైట్ షిఫ్టు దిగి కళ్లు మూతలు పడుతుంటే పడుకోండి. ధ్యానం నిద్రకు బదులు కాదు. నిద్ర లేకుండా డంపర్ నడిపే మనిషికి కావాల్సింది నిద్రే. ఆ రోజుల్లో లేచాక కూర్చోవచ్చు.

డైరీ సంగతి. "ఏం రాయాలో తెలియదు" అంటారు. బాయిలో మైనింగ్ సర్దార్ తన జిల్లా అంతా తిరిగి చూసి, గ్యాస్ ఉందా, పైకప్పు ఎట్లుంది, గాలి సరిగ్గా వస్తుందా అని పేజీ నంబర్లున్న పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. నియమం అది. అందులో కవిత్వం ఉండదు. చూసింది ఉంటుంది, ప్రమాదం ఎక్కడుందో ఉంటుంది. మన మనసుకూ అలాంటి రిపోర్టే చాలు. మొదటి లైను: ఈరోజు ఏం జరిగింది. రెండో లైను: లోపల ఎట్లుంది, కోపమా, భయమా, హాయిగా ఉందా. మూడో లైను: రేపటికి ఏం మిగిలింది.

దీనివల్ల ఏం తెలుస్తుంది? నాదే చెప్తా. ఉద్యోగంలో ఉన్నప్పుడు "వీడికి కోపం ఎక్కువైంది" అని ఇంట్లో అనేవాళ్లు. మూడు నెలల నోట్‌బుక్ తిరగేస్తే, రెండో లైనులో కోపం అని ఉన్న రోజులన్నీ దాదాపు రాత్రి సపోర్ట్ డ్యూటీ వారాల్లోనే ఉన్నాయి. కోపం నా గుణంలో లేదు, నా నిద్రలో ఉంది. ఆ పుస్తకం చేతిలో ఉండబట్టే మేనేజర్‌తో డ్యూటీ మార్పు గురించి లెక్కతో మాట్లాడగలిగా.

బరువైన విషయాలు కూడా రాయొచ్చు. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా సైకాలజిస్టు 1986లో అచ్చయిన ప్రయోగంలో విద్యార్థులతో తమకు బాధ మిగిల్చిన విషయాల గురించి నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. రాసిన వెంటనే దిగులు పెరిగింది. కానీ తర్వాతి నెలల్లో, అలా బాధను మనసు విప్పి రాసినవాళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గింది. కాబట్టి రాశాక కాసేపు బరువుగా ఉంటే భయపడకండి. రోజుల తరబడి ఆ బరువు దిగకపోతే మాత్రం నోట్‌బుక్ సరిపోదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. పుస్తకం మీ బీరువాలో పెట్టుకోండి. ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే నిజం రాయలేం.

మొత్తం కలిపి పదిహేను నిమిషాలు కూడా కాదు. కావాల్సింది ఒక చాప, ఒక రూళ్ల నోట్‌బుక్, గోడ మీద క్యాలెండర్. ఈ వారం మీది ఏ షిఫ్టు, స్నానం తర్వాత కుదిరిందా లేదా, కామెంట్‌లో రాయండి. నెలాఖరున ఎన్ని మస్టర్లు పడ్డయో అందరం లెక్క చెప్పుకుందాం. పది పడినా చెప్పండి, పది పడినట్టే. ఉంటా మరి, నమస్తే.